ధర్మపురి డేరాలో పెద్దవాడైన కుర్రవాడు

పొద్దున ఏడింటికి మొదలైన రాకపోకలు పన్నెండైనా ఆగలేదు. ఒక గుంపు లేచి వెళ్తే ఇంకో గుంపు వచ్చి కూర్చుంటోంది. డేరాలో కూర్చున్న తెల్లదొర ఇంటికి ఉత్తరం రాసుకుంటున్నాడు. నాలుగు మాటలు రాయగానే కలం ఆగిపోతోంది. తలెత్తి, చెవి ఒగ్గి, ఎదుటి మనిషి చెప్పేది వింటున్నాడు. మళ్ళీ నాలుగు మాటలు రాస్తున్నాడు. చుట్టూ ఓ డజను మంది ఒకేసారి మాట్లాడుతున్నారు.

ఒక రైతు అప్పు సంగతి ఎత్తుకున్నాడు. నిన్నమొన్నటి అప్పు కాదది, వాళ్ళ నాన్న చేసింది. ముప్ఫై ఏళ్ళ నాటిది. అది ఎలా మొదలైందో, ఎక్కడ చిక్కుపడిందో చెప్పుకుపోతున్నాడు. ఇప్పట్లో తెమిలేలా లేదు. ఇంకొకతనిది ఆస్తి గొడవ. యుద్ధం రోజుల్లో తను ఊళ్ళో లేని సమయం చూసి తోడబుట్టినవాడే ఉన్నదంతా కాజేశాడట. మూడో రైతు, ఈ ఏడు ఎప్పటిలా శిస్తు కట్టలేనంటున్నాడు. ఏమయ్యా అంటే పెళ్ళాం పోయిందట. తన కొట్టంలో ఉన్న మేలైన ఎద్దుకంటే ఆమే ఎక్కువ చాకిరీ చేసేదట.

ఇందులో కల్పన లేదు. 1790లలో బారామహల్ సీమలో ఊరూరా డేరా వేసుకుని తిరిగిన థామస్ మన్రో, స్కాట్లాండులోని తన ఇంటికి రాసిన ఉత్తరంలోని సంగతులివి. బారామహల్ అంటే నేటి ధర్మపురి, కృష్ణగిరి, తిరుపత్తూరు ప్రాంతం. ఇలాంటి ఉత్తరాలెన్నిటినో గ్లీగ్ అనే రచయిత చేర్చి, 1830లో మన్రో జీవిత చరిత్రగా అచ్చువేశాడు. అవి వరసగా చదివితే ఒక నవల చదివినట్టే ఉంటుంది. ఒక కుర్రవాడు ఓడెక్కుతాడు. మోసపోతాడు, యుద్ధం చూస్తాడు, ఆకలి చూస్తాడు. చివరికి ధర్మపురి పల్లెల్లో, రైతుల కష్టసుఖాల నడుమ, పెద్దవాడవుతాడు.

రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారని పెద్దలు చెబుతారు. ఆ మన్రో కథ మనకు కడప, బళ్ళారి, గుత్తి, పత్తికొండల దగ్గర మొదలవుతుంది. కానీ అక్కడికి వచ్చేటప్పటికే అతను పండిన మనిషి. ఆ పండటం జరిగింది ధర్మపురిలో. ఈ గాథ దాని గురించే.

పుస్తకాల మత్తు

1761 మే 27న గ్లాస్గోలో పుట్టాడు థామస్. తండ్రి అలెగ్జాండర్ మన్రో వ్యాపారి. అమెరికాలోని వర్జీనియా నుంచి వచ్చే పొగాకు మీద నడిచే వ్యాపారం. ఇంట్లో లోటు లేదు. పసితనంలో పిల్లవాడికి తట్టు పోసింది. ప్రాణం దక్కింది గానీ వినికిడి దెబ్బతింది. ఆ చెవుడు జీవితాంతం అతన్ని వదల్లేదు.

సరిగ్గా వినపడని పిల్లవాడు పుస్తకాలతో చెలిమి చేశాడు. ఆటల్లోనూ ముందుండేవాడు. కానీ పుస్తకం దొరికిందంటే లోకం తెలిసేది కాదు. డాన్ క్విక్సోట్ కథ అతన్ని ఎంతగా పట్టేసిందంటే, దాన్ని స్పానిష్‌లోనే చదవాలని పట్టుబట్టి, నిఘంటువు, వ్యాకరణం ముందేసుకుని ఆ భాష నేర్చుకున్నాడు. వీరుల కథలు చదివి చదివి తానూ వీరుణ్ణనుకుని గాలిమరల మీదికి బల్లెం ఎత్తి దూకిన ముసలాయన కథ అది. ఆ వయసులో థామస్‌కు అందులో ఏం కనిపించిందో ఊహించడం కష్టం కాదు. దూరదేశాలు, గుర్రాలు, కత్తులు, కీర్తి.

ఇంతలో అమెరికా తిరగబడింది. 1775లో మొదలైన ఆ స్వాతంత్ర్య యుద్ధం వర్జీనియా పొగాకును గ్లాస్గోకు రాకుండా చేసింది. తండ్రి వ్యాపారం కుప్పకూలింది. లెక్కల కొట్లో గుమాస్తాగా కుదిరిన కొడుక్కి ఇక ఆ దారీ మూసుకుపోయింది. 1779లో ఈస్టిండియా కంపెనీ ఓడ వాల్పోల్ ఎక్కాడు. మొదట ఓడలో చిన్న ఉద్యోగమన్నారు. చివరికి కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చోటు దొరికింది.

మన తెలుగులో మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశం మొగల్తూరు నుంచి బయల్దేరి, ఓడెక్కి, స్కాట్లాండులోని ఎడింబరో దాకా వెళ్ళాడు. 1924లో తొలి భాగం వెలువడిన నాటినుంచి తెలుగువాళ్ళు అతని తడబాటుకు నవ్వుకుంటూనే ఉన్నారు. మన్రోది సరిగ్గా ఎదురు ప్రయాణం. అదే స్కాట్లాండు నుంచి మన తీరానికి వచ్చాడు. తెలియని దేశంలో అడుగుపెట్టిన కుర్రవాడి తడబాటు మాత్రం ఇద్దరిదీ ఒక్కటే.

మొదటి పాఠం: పెట్టె ఖాళీ

1780 జనవరిలో మద్రాసు రేవులో దిగాడు. అప్పటికి పందొమ్మిదో ఏడు కూడా నిండలేదు. దిగిన కొద్ది రోజులకే ఒక పెద్దమనిషి నౌకరీ కావాలంటూ వచ్చాడు. చూడ్డానికి మర్యాదస్తుడు, మాట నెమ్మది. కుర్రదొర తెచ్చుకున్న బట్టలన్నీ చూసి, ఇవేవీ ఈ దేశపు ఎండకు పనికిరావన్నాడు. వీటిని మార్చి తగినవి కుట్టించి తెస్తానన్నాడు. థామస్ నమ్మాడు. బట్టలు ఇచ్చాడు, చేతిలో డబ్బూ పెట్టాడు. ఆ మనిషి మళ్ళీ కనిపించలేదు.

కొత్త దేశంలో తొలి వారాల్లోనే కట్టుబట్టలతో మిగిలాడు. ఇలాంటి దెబ్బ తిన్న కుర్రవాళ్ళు సాధారణంగా రెండే దారులు పడతారు. ఒకటి, ఈ దేశపు వాళ్ళంతా ఇంతేనని పళ్ళు కొరకడం. రెండు, జరిగింది నోరు విప్పి చెప్పకుండా దాచుకోవడం. మన్రో ఈ రెండూ చెయ్యలేదు. జరిగింది జరిగినట్టు ఇంటికి రాశాడు. పెద్దరికపు తొలి చిగురు నాకు అక్కడే కనిపిస్తుంది. తన తెలివితక్కువతనాన్ని తానే చెప్పుకోగలిగిన కుర్రవాడికి నేర్చుకోవడం చేతనవుతుంది.

రెండో పాఠం: కంచి దగ్గర వినిపించిన ఫిరంగులు

ఆ ఏడు వేసవి చివర మైసూరు నుంచి హైదర్ అలీ పెద్ద సైన్యంతో కనుమలు దిగి కర్ణాటిక్ సీమ (ఆర్కాటు ప్రాంతం) మీద పడ్డాడు. కంపెనీ సేనాని హెక్టర్ మన్రో కాంచీపురం చేరాడు. ఇంటిపేరు ఒకటే అయినా ఇతను థామస్‌కు బంధువు కాదు. ఉత్తరాన గుంటూరు వైపు నుంచి కర్నల్ బెయిలీ దళం వచ్చి అతనితో కలవాలి. 1780 సెప్టెంబరు 10న, కలవడానికి కొద్ది మైళ్ళ దూరంలోనే, పొల్లిలూరు దగ్గర హైదర్, టిప్పు బెయిలీని చుట్టుముట్టారు. ఆ దళం తుడిచిపెట్టుకుపోయింది. సాయం ఆలస్యమైంది. హెక్టర్ మన్రో తన పెద్ద ఫిరంగుల్ని కంచి గుడి కోనేటిలో పడేసి, మద్రాసు వైపు వెనక్కి మళ్ళాడు.

ఆ వెనక్కి మళ్ళిన సైన్యంలో పందొమ్మిదేళ్ళ థామస్ ఉన్నాడు. గ్లాస్గోలో చదువుకున్న వీరగాథల్లో ఇలాంటి అధ్యాయం లేదు. అక్కడ వీరుడు వెనక్కి నడవడు. ఇక్కడ వేలమంది తలవంచుకుని నడుస్తున్నారు. ఎదురుగా ఊళ్ళు తగలబడుతున్నాయి, జనం చెట్టుకొకరు పుట్టకొకరుగా పారిపోతున్నారు.

ఈ సంగతులన్నీ తండ్రికి రాశాడు. ఆ రాతలో కేకలు లేవు, గొప్పలు లేవు. ఏ దళం ఎక్కడుంది, ఎవరు ఎప్పుడు కదలాల్సింది, ఎక్కడ పొరపాటు జరిగిందని తూచి రాశాడు. శత్రువు బలాన్ని తక్కువ చెయ్యలేదు. తన వాళ్ళ తప్పును కప్పిపుచ్చలేదు. తర్వాత సర్ ఐర్ కూట్ కింద పోర్టోనోవో మొదలు అనేక యుద్ధాల్లో పాల్గొన్నాడు. 1784లో సంధి కుదిరేనాటికి అతనికి ఇరవై రెండేళ్ళు.

మూడో పాఠం: కోటే దుప్పటి

తూర్పుదేశం వెళ్ళినవాడు బంగారు మూటలతో తిరిగొస్తాడని ఆనాడు బ్రిటన్‌లో అందరి నమ్మకం. ఇంట్లోవాళ్ళూ అలాగే అనుకున్నారు. సోదరి ఎర్స్‌కిన్‌కు రాసిన ఉత్తరంలో మన్రో ఆ భ్రమ పోగొట్టాడు. ఈ దేశం వచ్చిన తొలి మూడేళ్ళు తలకింద పెట్టుకోవడానికి దిండు కూడా లేదట. ఒక పుస్తకమో తూటాల సంచో తల కింద పెట్టుకుని పడుకునేవాడు. నాలుగు కర్రలకు బిగించిన కేన్వాసు గుడ్డే మంచం. ఇంటినుంచి తెచ్చుకున్న పెద్ద కోటు దానికి అలంకారం, అదే కప్పుకునే దుప్పటి. ఆకలి, దాహం, అలసట, పేదరికం అంటే ఏమిటో ఇక్కడికి వచ్చాకే తెలిసిందని రాశాడు.

ఇంత ఇరుకులోనూ ఒక పని ఆపలేదు. తనలాగే ఈ దేశంలో ఉద్యోగం చేస్తున్న అన్నదమ్ముడితో కలిసి, దివాలా తీసిన తండ్రికి డబ్బు పంపుతూ వచ్చాడు. తండ్రిమీద ఆధారపడిన కొడుకు, తండ్రికే ఆధారమయ్యాడు. మన ఇళ్ళలో ఈ మార్పుని మనం చూస్తూనే ఉంటాం. పెద్దకొడుకు తొలి జీతం ఇంటికి పంపిన నెల నుంచి ఆ ఇంట్లో అతనితో మాట్లాడే తీరే మారిపోతుంది.

మరోపక్క భాషలు పట్టాడు. హిందుస్తానీ, పారశీకం నేర్చుకున్నాడు. పుస్తకాల కోసం స్పానిష్ నేర్చుకున్న కుర్రవాడు ఇప్పుడు మనుషుల కోసం భాషలు నేర్చుకుంటున్నాడు. ఆ పారశీక గ్రంథాల్లో షేక్స్‌పియర్ షైలాక్ కథను పోలిన కథ ఒకటి కంటపడితే అనువదించి పంపాడు. మలోన్ తన షేక్స్‌పియర్ ప్రచురణలో దాన్ని చేర్చాడు. ఆంబూరులో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద వేగు సమాచారం సేకరించే పనిలో చేరాక, ఈ సీమ దారులు, కనుమలు, జనం అతనికి దగ్గరయ్యారు.

బారామహల్‌కు కలం పట్టుకొచ్చిన సైనికుడు

1792 మార్చి. శ్రీరంగపట్నం సంధిలో టిప్పు సుల్తాను సగం రాజ్యం వదులుకున్నాడు. మూడు కోట్ల ముప్ఫై లక్షల రూపాయల పరిహారానికి హామీగా తన ఇద్దరు చిన్న కొడుకుల్ని గవర్నర్ జనరల్ కారన్‌వాలిసు శిబిరానికి పంపాడు. కంపెనీ చేతికి వచ్చిన సీమల్లో బారామహల్, సేలం ఉన్నాయి.

ఈ సీమను ఎవరికి అప్పగించాలి? మద్రాసు సివిలు ఉద్యోగుల్లో దేశభాషలు వచ్చినవాళ్ళు తక్కువ. వాళ్ళ నిజాయితీ మీదా కారన్‌వాలిసుకు నమ్మకం లేదు. అందుకే సైనికులనే ఎంచుకున్నాడు. రీడ్‌ను పైన పెట్టి, మన్రో, మెక్లౌడ్, గ్రాహమ్‌లను సహాయకులుగా ఇచ్చాడు. ముప్ఫై ఒకటో ఏట మన్రో కత్తి పక్కనపెట్టి శిస్తు లెక్కలు పట్టుకున్నాడు. ధర్మపురి అతని మకాం అయింది.

సీమ స్వరూపం చూడండి. నాలుగు పక్కలా కొండలు. గుట్టకొక కోట. మెట్టపొలాల్లో రాగి, సామ, కొర్ర. వాన పడితే నిండే చెరువులు, పడకపోతే బావులు. ఒక ఊళ్ళో తమిళం, పక్క ఊళ్ళో తెలుగు, ఆ పక్కది కన్నడం. ఒకే సంతలో మూడు భాషలు వినిపించే నేల. ఇప్పటికీ ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు పక్కన తెలుగు కుటుంబాలు దండిగా ఉన్నాయి. వరస యుద్ధాలు ఈ సీమను నలిపేశాయి. కొందరు రైతులు ఊళ్ళు వదిలారు, కొందరు తిరిగొచ్చేటప్పటికి పొలం మరొకరి చేతిలో ఉంది.

రీడ్, మన్రో ఇక్కడ మొదలుపెట్టిన పనే తర్వాత రైత్వారీ పద్ధతిగా స్థిరపడింది. అందులో కీలకం ఇది. అంతకుముందు ఊరి శిస్తును ఒక పెద్దమనిషో ఇజారాదారో గుత్తకు తీసుకునేవాడు. సర్కారుకు కట్టేది అతను, రైతుల దగ్గర పిండుకునేదీ అతనే. దొరతో మాట్లాడేదీ అతనొక్కడే. రైత్వారీలో ఆ మధ్యవర్తి ఉండడు. ప్రతి పొలం కొలవాలి. నేల రకం చూడాలి. ఇంత శిస్తు అని కట్టి, రైతు పేరునే పట్టా ఇవ్వాలి. ఆ లెక్క తేలాలంటే దొర ఊరికి రావాలి, రైతు దొరతో నేరుగా మాట్లాడాలి. 1793లో బెంగాలులో కారన్‌వాలిసు జమీందార్లతో శాశ్వత ఒప్పందం చేసుకుని చేతులు దులుపుకున్నాడు. అదే సమయంలో ఇక్కడ, కొండల నడుమ, ఒక్కొక్క రైతునే పిలిచి అడుగుతున్నారు.

మన్రో డేరా ముందు పొద్దున ఏడింటి నుంచి ఆ సందడి అందుకే. పద్ధతి మారింది కాబట్టి పలికే నోళ్ళు మారాయి.

చెవిటి దొర విన్నాడు

ఇప్పుడు మొదట చూసిన ఆ ముగ్గురు రైతుల్ని మళ్ళీ తలచుకోండి. ముప్ఫై ఏళ్ళ నాటి అప్పు, అన్నదమ్ముల ఆస్తి గొడవ, పెళ్ళాం పోయిన ఇంటి కష్టం. వీటిలో మొదటి రెండూ శిస్తు లెక్కకు అక్కరలేనివి. చట్టం తెలిసిన అధికారి ఎవరైనా మొదటి మాటకే ఆపి, పొలం ఎంత, శిస్తు ఎంత అని అడిగి పంపేసేవాడు. మన్రోకూ విసుగుంది. ఈ పని ఎడతెగనిదని, రోజులో తనదంటూ ఒక్క గంట కూడా మిగలడం లేదని అదే ఉత్తరంలో వాపోయాడు. కానీ కూర్చున్నాడు. విన్నాడు. విన్నది మరిచిపోకుండా, ఎవరు ఏమన్నారో వేల మైళ్ళ దూరంలోని ఇంటికి రాశాడు.

మూడో రైతు మాట మీద ఒక్క క్షణం నిలవాలి. భార్య చాకిరీని ఎద్దు చాకిరీతో పోల్చాడు ఆ మనిషి. వినడానికి మొరటుగా ఉంది. కానీ అందులో ఒక కుటుంబం నడిచే తీరంతా ఉంది. నాట్లు, కలుపు, కోత, దంపుడు, పశువుల పని, నీళ్ళు, వంట, పిల్లలు. ఆమె పోవడంతో ఆ ఇంటి సేద్యంలో సగం పోయింది. శిస్తు పుస్తకంలో ఆమె పేరు ఎక్కడా ఉండదు. పొలం విస్తీర్ణం తగ్గలేదు, నేల రకం మారలేదు. కాగితం ప్రకారం ఆ రైతు పోయినేడు కట్టినంతా కట్టాల్సిందే. కట్టలేకపోవడానికి కారణం కాగితం మీద లేదు. మనిషిని కూర్చోబెట్టి వింటేనే తెలుస్తుంది.

చిన్నప్పుడే వినికిడి దెబ్బతిన్న కుర్రవాడు, నలుగురు మాట్లాడుకునే చోట తప్పుకుని పుస్తకంలో తల దూర్చిన కుర్రవాడు, ఇప్పుడు పరభాషలో, ఒకేసారి డజను మంది మాట్లాడుతుంటే, వాళ్ళ మధ్య కూర్చుని వింటున్నాడు. యుద్ధంలో ధైర్యం వస్తుంది, పేదరికంలో ఓర్పు వస్తుంది. కానీ తన పని కాని గోడును కూడా కూర్చుని వినగలగడం అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. మన్రోకు అది ధర్మపురిలో వచ్చింది. అతను పెద్దవాడైంది అప్పుడేనని నా నమ్మకం.

అదే ఏళ్ళలో జర్మనీలో ఒక నవల

ఇక్కడ ఒక విచిత్రమైన కలయిక ఉంది. మన్రో బారామహల్ పల్లెల్లో తిరుగుతున్న 1795, 96 సంవత్సరాల్లోనే జర్మనీలో గొయ్‌తే రాసిన విల్‌హెల్మ్ మైస్టర్ నవల వెలువడింది. ఒక కుర్రవాడు తప్పటడుగులు వేస్తూ మనిషిగా ఎదిగే క్రమాన్ని చెప్పే నవలలకు దాన్ని ఒరవడిగా చెబుతారు. డికెన్స్ డేవిడ్ కాపర్‌ఫీల్డ్ వంటివి దాని తర్వాతివే.

విల్‌హెల్మ్ కూడా వ్యాపారి కొడుకే. చిన్నప్పుడు బొమ్మలాటల పిచ్చి. పెద్దయ్యాక తండ్రి వ్యాపారం రుచించక నాటక బృందంతో కలిసి ఊళ్ళు తిరుగుతాడు. హామ్లెట్ వేషం కడతాడు. చివరికి తాను నటుడిగా పుట్టలేదని తెలుసుకుంటాడు. ఫెలిక్స్ అనే పసివాడు తన కొడుకేనని తెలిసిన రోజున అతని శిష్యరికం ముగిసిందని పెద్దలు చెబుతారు. తన కలల కోసం బతికినవాడు ఇంకొకరి బాధ్యత మోయడం మొదలుపెట్టాడు. ఎదగడమంటే గొయ్‌తే చెప్పిన అర్థం అది.

మన్రో ఆ నవల చదివాడని నేననను. చదవాల్సిన అవసరమూ లేదు. పుస్తకాల మత్తు, తండ్రి వ్యాపారం, ఇల్లు విడిచిన ప్రయాణం, భ్రమలు పోవడం, చివరికి పరాయి మనుషుల బాధ్యత నెత్తికెత్తుకోవడం... మెట్లన్నీ ఒకటే. గొయ్‌తే ఊహించి రాసిన దాన్ని ధర్మపురి తాలూకాలో ఒకడు బతికి చూపించాడు. మంచి నవలలో కుర్రవాడి ఎదుగుదల మనల్ని నమ్మించేది ఈ కారణం చేతనే. లోకంలో ఎక్కడో అది నిజంగా జరుగుతూనే ఉంటుంది.

తోట విడిచిన రోజు

ధర్మపురిలో మన్రో ఒక తోట పెంచుకున్నాడు. ఊరూరా తిరిగే మనిషికి అదొక్కటే ఇల్లులాంటిది. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు నేలకొరిగాక, కంపెనీ అతన్ని కనరా సీమకు కలెక్టరుగా పంపింది. పదవి పెరిగింది, హోదా పెరిగింది. కానీ కనరా వానల్లో కూర్చుని అతను రాసిన ఉత్తరాల నిండా బారామహల్ మీద బెంగే. ఏడేళ్ళు గడిపిన చోటు, ఎరిగిన ఊళ్ళు, తన తోట. కీర్తి కోసం ఓడెక్కిన కుర్రవాడు, హోదా దక్కిన రోజున ఒక పల్లెసీమ కోసం దిగులుపడ్డాడు. ఆ దిగులు కూడా పెద్దరికంలో భాగమే.

1800లో నిజాం కంపెనీకి దత్తం చేసిన మండలాలకు అతన్ని పంపారు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలు. ఇక్కడి నుంచి కథ తెలుగువాళ్ళకు తెలిసిందే. ధర్మపురిలో నేర్చుకున్న పద్ధతినే ఇక్కడా పట్టాడు. ఏళ్ళ తరబడి డేరాల్లోనే కాపురం, ఊరూరా జమాబందీ.

చెప్పాల్సిన ఇంకో వైపూ ఉంది. మన్రో కంపెనీ నౌకరు. వసూలైన ప్రతి వరహా కంపెనీ ఖజానాకే చేరింది. ఈ సీమలో పాళెగాళ్ళను అణచడంలో అతను కరకుగానే ఉన్నాడు. కోటలు తీసేసుకున్నారు, కొందరిని పింఛన్ల మీద కూర్చోబెట్టారు. ఆ గాయం మానలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు వేళ్ళు అక్కడే ఉన్నాయి. శిస్తు రేట్లూ బరువుగానే ఉండేవి. ఇవేవీ దాచి మన్రోను దేవుణ్ణి చెయ్యనక్కరలేదు.

కానీ డేరాలో వినడం నేర్చుకున్న మనిషి ఆ పాఠం మరిచిపోలేదు. 1807లో స్వదేశం వెళ్ళే ముందు పైవాళ్ళకు ఒక సిఫారసు పంపాడు. భూములన్నిటి మీదా శిస్తు నూటికి 25 వంతులు తగ్గించండి, బావుల కింద, యంత్రాలతో నీళ్ళు తోడుకునే పొలాలకు మొత్తం 33 వంతులు తగ్గించండి అన్నాడు. తాను కట్టిన శిస్తే రైతు మోయలేకపోతున్నాడని తానే ఒప్పుకున్నాడన్నమాట. పైవాళ్ళు అప్పుడు ఒప్పుకోలేదు. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే దత్త మండలాల రైతుకు ఆ తగ్గింపు అందింది.

ఆలోగా బారామహల్‌లో ఇంకో కథ నడిచింది. రీడ్, మన్రో వెళ్ళిపోయాక ఆ సీమను మిట్టాలుగా ముక్కలు చేసి వేలంపాటల్లో మిట్టాదార్లకు కట్టబెట్టారు. చాలా మిట్టాలు నిలవలేదు. రైతుతో నేరుగా మాట్లాడే పద్ధతికే చివరికి మళ్ళీ రావాల్సొచ్చింది.

పత్తికొండలో ఆఖరి మజిలీ

గవర్నరైన మన్రో చేసిన పనుల్లో ఒకటి ఈ గాథకు తప్పక చెందుతుంది. 1822లో కలెక్టర్లందరికీ ఉత్తర్వు పంపి, ఊళ్ళలో బడులెన్ని, చదువుకునే పిల్లలెందరు అని లెక్క తీయించాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు అని తేలింది. దాని మీద 1826లో జిల్లా జిల్లాకు, తాలూకా తాలూకాకు బడుల పథకం రాశాడు. అంతకు ముందే, 1824 చివరి రోజున రాసిన సుదీర్ఘమైన నివేదికలో, ఈ దేశం తన్ను తాను ఏలుకునే రోజు రావాలని, అంతవరకు భారతీయులకు పెద్ద పదవులివ్వాలని వాదించాడు. ఆనాడు ఒక గవర్నరు కలం నుంచి అలాంటి మాట రావడం అరుదు.

1827లో పదవి వదిలి ఇంటికి బయల్దేరే ముందు తన పాత సీమను ఒక్కసారి చూసి వద్దామని మళ్ళీ దత్త మండలాలకు వచ్చాడు. కలరా చెలరేగి ఉంది. జూలై 6న పత్తికొండ దగ్గర ఆ జబ్బుతోనే కన్నుమూశాడు. గుత్తిలో ఖననం చేసి, తర్వాత అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. మద్రాసు నడిబొడ్డున గుర్రం మీద కూర్చున్న అతని విగ్రహం ఇప్పటికీ ఉంది. శిల్పి చాంట్రీ రూపొందించినది.

ఆ విగ్రహంలో కనిపించేది సేనాని. కానీ నేటి కుర్రవాళ్ళు ఎరగాల్సిన మన్రో ధర్మపురి డేరాలోని మన్రో. మన పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారా లేదా అని మనం ఎలా చూస్తున్నాం? మార్కులు చూస్తాం, ఎత్తు చూస్తాం, జీతం చూస్తాం. ఇవన్నీ అవసరమే. వాటితో పాటు ఇంకొకటి చూడండి. తనకు లాభం లేని మనిషి కష్టం చెప్పుకుంటుంటే మీ అబ్బాయి కూర్చుని పూర్తిగా వింటున్నాడా? ఇంట్లో అమ్మ పడే చాకిరీకి లెక్క ఉందని గుర్తిస్తున్నాడా? తన పొరపాటు తానే చెప్పుకోగలుగుతున్నాడా? ఈ మూడూ చేతనైన నాడు అతను పెద్దవాడైనట్టే.

ధర్మపురి, హోసూరు, కృష్ణగిరి బడుల్లో పాఠాలు చెప్పే తెలుగు అయ్యవార్లకు ఒక మనవి. ఈ గాథ మీ ఊళ్ళదే. ఒక పిరియడు తీసుకుని పిల్లలకు చెప్పండి. చెప్పాక, ఊళ్ళో ఒక ముసలి రైతు దగ్గర కూర్చుని అతని కథ విని రాసుకు రమ్మని పంపండి.